గది మాట విన్న మనిషి

సింహాద్రి గారు ఇక లేరన్న వార్త నాకు కళాశాలలో, ప్రయోగశాల తాళం తీస్తుండగా అందింది. ఫోనులో మా నాన్న గొంతు. "ఒరే, మీ మావయ్య పోయేడ్రా. కుర్సీలో కూకున్నోడు కూకున్నట్టే..." అని ఆగిపోయాడు. తీయబోయిన తాళాన్ని అలాగే వదిలి బయలుదేరాను. అంతకు ముందటి ఆదివారమే ఆయన ఒక పాత రాడార్ వాల్వును, బల్బులాంటి గాజు బుడ్డిని, దూదిలోంచి తీసి చూపించి, "వచ్చే వారం తీరిగ్గా దీన్ని ఇందాం" అన్నారు. ఆ వారం వచ్చింది. వినవలసినవారు వెళ్లిపోయారు.

ఆయన ఇంటికి చేరేసరికి శోకంతోపాటు మరొకటి కూడా ఆ వరండాలో కూర్చుని ఉంది. "గుండి ఆగిపోడమేటి? ఆ గాజు బుడ్లే మనిసిని లోపల్లోపల తినేసినయ్. రేడియం అంటే ఊరికినేటి?" అని పొరుగువారు గుసగుసలాడుతున్నారు. అది హృద్రోగమేనని వైద్యులు స్పష్టంగా చెప్పారు. ఆ వ్యాధి ఆయనకు చిరకాలంగా ఉన్నదే. కానీ ఆ గుసగుస ఆయన భార్య పైడమ్మ అత్తయ్య చెవిన పడనే పడింది. ఆమె నా చెయ్యి పట్టుకుని, "నిజిమేనేటి బాబూ? ఆ బుడ్లెట్టే బల్ల రోజూ నానే గదా తుడిసినాను. ఆయన్ని పోనాడుకున్నది నా కళ్లెదర ఉన్నవాటి వల్లేనేటి? ఈ ఇంట్లో నానుండొచ్చా? సదువుకున్నోడివి, నువ్వు సెప్పు" అని అడిగింది. తోచిన మాట చెప్పి ఓదార్చడం ఆయన నాకు నేర్పిన పద్ధతి కాదు. "కొలిచి చెబుతానత్తయ్యా" అన్నాను.

సింహాద్రి గారి స్వస్థలం ఎలమంచిలి. విశాఖలో చేపల రేవు దగ్గర చిన్న దుకాణంలో మరపడవల వైర్‌లెస్ సెట్లు బాగుచేసేవారు. మా నాన్న పడవ సెట్టు కూడా ఆయన చేతిమీదుగానే నడిచింది. ఇద్దరికీ రక్తసంబంధం లేదు. ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవారు గనుక నాకు ఆయన మావయ్య అయ్యారు. మా వంశంలో కళాశాల గడప తొక్కిన మొదటివాణ్ని నేను. నాన్న నన్ను ఆయన ముందు నిలబెట్టి, "బావా, మావోడు పిజిక్సంట. ఏటి సదువుతన్నాడో నాకు తెల్దు, నువ్వడిగి సూడు" అన్నాడు. ఆయన నన్నేమీ అడగలేదు. అరచేతిలో ఒక గాజు వాల్వు పెట్టి, రేడియోధార్మికతను పసిగట్టే పెట్టె, గైగర్ కౌంటర్‌ను దగ్గరకు తెచ్చారు. పెట్టె టిక్కుటిక్కుమంది. నేను రేడియోధార్మికతకు నిర్వచనం అప్పజెప్పబోయాను. "అది పుస్తకంలో ఉంటాది, ఎక్కడికీ పోదు. ముందు ఇనరా మేస్టరూ" అన్నారు. నాకు ఉద్యోగం రావడానికి చాలాకాలం ముందే ఆయన నాకిచ్చిన బిరుదు అది.

ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోలకూ రాడార్లకూ ప్రాణం ఈ వాల్వులే. వాటిలో కొన్ని రకాలకు, లోపలి వాయువు మీట నొక్కిన వెంటనే మేలుకోవడానికి, తయారీలోనే రేణువంత రేడియోధార్మిక పదార్థం చేర్చేవారు. ఓడలు తుక్కుకు వెళ్లాయి, సెట్లు మూలపడ్డాయి, వాల్వుల తీగలు తెగిపోయాయి. ఆ రేణువు మాత్రం పలుకుతూనే ఉంది. అటువంటివాటిని వెతికి పట్టుకోవడమే సింహాద్రి గారి వ్యసనం. "ఇది సచ్చిపోయిన వాల్వు బాబూ. దీపం ఎలగదు, పాట పలకదు. అయినా లోపలెవులో ఇంకా తలుపు కొడతన్నాడు సూడు" అనేవారు.

ఆయనతో పూర్ణా మార్కెట్ సమీపంలోని పాత సామాను కొట్లకు ఎన్నిసార్లు వెళ్లానో. సంచిలో కౌంటర్‌తో ఆయన కనబడగానే ఒక కొట్టు యజమాని, "ఏటి బావా, మళ్లీ దెయ్యాలు పట్టడానికొచ్చీసినావా?" అని కేకవేసేవాడు. "పెద్ద దెయ్యం గల్లాపెట్టి కాడ కూకున్నాది. దాన్ని వొగ్గీసి సిన్నవాట్నే అట్టుకెల్తాను" అని ఈయన జవాబు. నవ్వులాట ముగిశాక మాత్రం స్వరం మారేది. లోహం కోసం గాజు పగలగొట్టవద్దని ఆ యజమానికి ప్రతిసారీ చేతులు పట్టుకుని చెప్పేవారు. గాజు లోపల ఉన్నంతకాలం భయం లేదు. పగిలి, ఆ ధూళి ఊపిరిలోకి పోతేనే ప్రమాదం. పలికే వాల్వులను దూదిలో చుట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో భద్రపరచేవారు.

ఆయనకొక నియమం ఉండేది. వాల్వును బల్లమీద పెట్టేముందు ఖాళీ బల్ల దగ్గర కౌంటర్‌ను కొంతసేపు మోగనిచ్చేవారు. నేలా గోడలూ ఆకాశమూ కలిసి ఎల్లప్పుడూ వినిపించే ఆ పలచని సవ్వడిని "గది మాట" అనేవారు. గది మాట వినకుండా వాల్వు మాట వినడం, ఎదుటివాడి పేరడగకుండా తగువు తీర్చడంవంటిదని ఆయన అభిప్రాయం.

ఈ నియమం ఒక పొరపాటులోంచి పుట్టింది. తొలిరోజుల్లో ఆయన వాల్వులు నిటారుగా నిలవడానికి భీమిలి తీరం నుంచి ఇసుక తెచ్చి పళ్లెంలో పోసి, అందులో గుచ్చి కొలిచేవారు. పెట్టిన ప్రతి వాల్వూ పలికింది. ఊళ్లో ఉన్న రేడియమంతా తన ఇంటికే చేరిందని పొంగిపోయి మా నాన్నకు మిఠాయి కూడా పెట్టారట. ఒకనాడు పళ్లెం ఖాళీగా ఉన్నప్పుడు కూడా పెట్టె ఆగలేదు. పలుకుతున్నది ఇసుక! మన తీరపు నల్ల ఇసుకలో సహజంగానే కొంత థోరియం ఉంటుంది. "పుట్టినకాడినించీ దానిమీదే నడిసినాను గానీ, అది మాటాడతాదని ఎరగనురా" అని ఆ కథ చెప్పి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవారు.

పలికేవాటికన్నా మూగబోయిన వాల్వుల దగ్గరే ఆయన ఎక్కువసేపు కూర్చునేవారని చెప్పాలి. అల్పాయుష్కమైన పదార్థం నింపినవి ఎన్నడో నిశ్శబ్దమైపోయాయి. వాటినీ అప్పుడప్పుడు తీసి, కౌంటర్ చెంత ఉంచి, చెవి ఒగ్గేవారు. "ఇవి పలకవని తెలుసు కదా మావయ్యా" అన్నానొకసారి. "పలకవని మనకి తెలుసు. పలకరించడం మానీమని ఎవులు సెప్పేరు?" అన్నారు.

దినకర్మలు ముగిసిన మర్నాడు అత్తయ్యకిచ్చిన మాట నిలుపుకోవడానికి వెళ్లాను. ఆయన బల్లమీదే ఆయన కౌంటర్‌ను ఉంచి, ముందుగా గది మాట విన్నాను. ఆయన ఉన్న రోజుల్లో ఎంతో, ఇప్పుడూ అంతే. ఒక మనిషి తక్కువైన సంగతి ఆ యంత్రానికి తెలియలేదు. అంతటి శూన్యాన్ని అది శూన్యంగా చూపకపోవడం నన్ను ఈనాటికీ వెంటాడుతోంది. తరువాత కుర్చీ, మంచం, కొక్కేనికి వేలాడుతున్న చొక్కా, అత్తయ్య రోజూ తుడిచిన బల్ల, ఆమె రెండు చేతులూ కొలిచాను. అన్నిటిదీ గది మాటే. స్టీలు డబ్బా దగ్గర మాత్రమే పెట్టె గొంతు పెంచింది. దూది విప్పి చూస్తే ఒక్క గాజూ చిట్లలేదు. "ఇవి మావయ్యను ఏమీ చేయలేదత్తయ్యా" అన్నాను. ఆమె గోడకు జారగిలబడి కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పని ముగించి వస్తూ పూజగూటి ముందునుంచి నడిచాను. చేతిలోని కౌంటర్ ఒక్కసారిగా వేగం పుంజుకుంది. మా ఇద్దరి ముఖాలూ పాలిపోయాయి. అక్కడ దేవుడి పటం, దీపపు కుంది, అగరొత్తులు గుచ్చిన ఇత్తడి గిన్నె తప్ప మరేమీ లేవు. గిన్నె దగ్గరకు తెచ్చాను. అందులో నల్లని ఇసుక.

అత్తయ్యే ముందు తేరుకుంది. "ఆ ఇసక్కేనేటి? ఆయన పారబోత్తంటే నానే గుప్పెడు తీసుంచినాను. అగరొత్తులు బాగా నిలబడతాయని."

అది మన ఒడ్డున అందరూ తొక్కే ఇసుకే, భయం లేదని చెప్పాను. ఆమె మనసులో శంక మిగలరాదని, "అయినా మీకు ఇష్టం లేకపోతే సముద్రంలో కలిపేస్తాను" అన్నాను.

"వొద్దు. ఉండనీ."

సింహాద్రి గారి స్థానాన్ని పూరించగలవారు ఈ రేవులో లేరు. డబ్బా నా సంరక్షణలోకి వచ్చింది. వాల్వులను నేను కొలవగలను. మూగబోయినవాటిని పలకరించే ఓర్పు మాత్రం ఆయనతోనే పోయింది. ఆ మహనీయునికి నా నమస్సులు సమర్పిస్తూ ఆనాటి చివరి మాటనే ఇక్కడ ఉంచుతున్నాను. ఇక చాలని నేను పెట్టె మీట మీద చెయ్యి వేశాను. గూటివైపే చూస్తున్న అత్తయ్య నా చెయ్యి ఆపింది.

"ఆయనున్నన్నాళ్లూ ఈ రొద ఇనలేక సెవులు మూసుకునీదాన్ని బాబూ. ఇంకాసేపు మోగనీ."