విమలమ్మ ఎవరిని మన్నింపు అడగాలి

పుంగనూరు చర్చిలో సంఘ పెద్ద జయరత్నం అంటే అందరికీ హడలే. నెలలో మొదటి ఆదివారం యేసు జ్ఞాపకంగా రొట్టె పంచే ప్రభువు బల్లలో పళ్ళెం పట్టుకుని వరుసల్లో తిరిగేది ఆయనే. దొంగతనం చేసినవాడు, సొత్తు పోయిన మనిషి దగ్గరికి వెళ్లి మన్నింపు అడిగితే తప్ప ఆ పళ్ళెం వాడి ముందు ఆగదు. ఈ నియమం పెట్టిందీ ఆయనే. ఇరవై ఏళ్లలో ఎవరి దగ్గరా మొహమాటపడలేదు, మహానుభావుడు.

ఇప్పుడు సొంత చెల్లెలితోనే చిక్కొచ్చి పడింది. విమలమ్మ కువైట్‌లో పద్దెనిమిదేళ్లు వంటపని చేసి తిరిగొస్తూ, కుప్పంలో నర్సింగు చదివే కూతురు షైనీ కోసం కొన్న బంగారు గొలుసులు లంగా అంచులో కుట్టుకుని తెచ్చింది. ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు. గొలుసులు పోయాయి, కేసు మిగిలింది. దొంగబంగారమని ఊరంతా పాకింది.

"నేను ఎవురి సొమ్ము తీసినాన్నా? కష్టపడి కొనుక్కున్నవే గదా," అంది అన్నతో.

రొట్టె ఇస్తే ఊరు నవ్వుతుంది. మానాలంటే, ఆమె వెళ్లి మన్నింపు అడగాల్సిన మనిషి ఎవరో తేలాలి. సొత్తు పోయినవాడే లేని దొంగతనాన్ని జయరత్నం జన్మలో చూడలేదు.

బస్సెక్కి మదనపల్లె వెళ్లి లాయరు శివకుమార్‌ను అడిగాడు.

"ఇది దొంగతనం కాదప్పా. బంగారం ఆయమ్మదే. కానీ సెప్పాల్సిన కాడ సెప్పకుండా, సుంకం కట్టకుండా దాచి తెచ్చింది. చట్టంలో దాన్ని స్మగ్లింగ్ అంటారు. ఆర్థిక నేరం."

"మరి నష్టపోయింది ఎవురు సార్?"

"దేశం. అంటే అందురూ. మీరు, నేను, ఆడ బజ్జీలేసే ఆయన."

తిరుగు బస్సులో జయరత్నం బుర్ర వేడెక్కిపోయింది. అయితే కండక్టరూ నష్టపోయాడు, పక్కసీటు ముసలమ్మా నష్టపోయింది. ఎవరి మొహంలోనూ ఆ దిగులు కనిపించలేదు. ఇంటికొచ్చి లాయరు మాట ఉన్నదున్నట్టు చెల్లెలికి చెప్పాడు. ఏం చేయాలో మాత్రం చెప్పలేకపోయాడు.

ఆ నెల మొదటి ఆదివారం పళ్ళెంతో వరుసలు దాటుకుంటూ చివరి బెంచీ దగ్గరికి వచ్చాడు. ఆగాలో సాగాలో తేల్చుకోకముందే కాళ్లు ఆగిపోయాయి. విమలమ్మ లేచి నిలబడింది.

"అన్నా, నష్టపోయినోళ్లలో నువ్వూ ఉండావంట గదా. ముందు నిన్నే అడగతాండాను. మన్నించు."

జయరత్నం కొడుకు చదువు, ఆయన పడుకునే మిద్దె, ఒంటి మీది తెల్లచొక్కా, అన్నీ ఆమె కువైట్‌లో వండి పెట్టిన అన్నంలోంచి వచ్చినవే. మన్నించానని అనడానికి ఆయనకు సిగ్గేసింది. మన్నించనని అనడానికి ఇంకా సిగ్గేసింది. పళ్ళెం ఆమె చేతుల్లో పెట్టి, ఆమె లేచిన చోటే కూర్చుండిపోయాడు.

ఆ ఆదివారం రొట్టె తినకుండా ఇంటికి వెళ్లినవాడు జయరత్నం ఒక్కడే.