తొలి విస్తరి

వేడి పప్పు పడగానే అడ్డాకుల విస్తరి నుంచి ఒక వాసన లేస్తుంది. పచ్చిగా, కాస్త వగరుగా ఉంటుంది. దుమ్ముగూడెంలో నేను ఆటలు నేర్పే బడిలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఈ ఉదయం ఓడిపోయింది. మధ్యాహ్నం మైదానం పక్కన అందరినీ భోజనానికి కూర్చోబెట్టి, మొదటి విస్తరిలో పప్పు వేశానో లేదో ఆ వాసన ముక్కుకు తగిలింది. అంతే, గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఆ విస్తరి ముందు కూర్చోవలసిన పిల్ల ఇంకా రాలేదు. గోల్‌కీపర్ పోలమ్మ, జట్టుకు కొత్త. ఆఖరి గోల్ ఆమె చేతుల్లోంచే జారింది. కుళాయి దగ్గర నిలబడి, కడిగిన చేతులే మళ్ళీ మళ్ళీ కడుక్కుంటోంది. ఆ పిల్లలో నాకు నేనే కనిపించాను. ఆ వెంటనే సత్యం గారు గుర్తుకొచ్చారు.

సత్యం గారిది అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోట. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. నేను చదువు మధ్యలో ఆపేసి, వాళ్ళ తోటలో గెలలు కోసే పనికి వెళ్ళాను. సాయంత్రాలు పని దిగాక కుర్రాళ్ళమంతా బంతి ఆడుతుంటే ఆయన గట్టు మీద నిలబడి చూసేవారు. చూసి చూసి ఒకనాడు జెర్సీలు కొనుక్కొచ్చి, పోటీలకు వెళ్ళడానికి ట్రాక్టర్ ఇచ్చి, తనకు తానే మేనేజర్ అయిపోయారు. ఆట తెలుసా అంటే, అబ్బే! ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆయనకు చివరిదాకా అంతుపట్టలేదు. రిఫరీ ఈల వేసినప్పుడల్లా "ఇప్పుడేమైందంట్రా?" అని పక్కవాణ్ణి అడిగేవారు. అయినా ఆయన గట్టు మీద ఉంటేనే మాకు ఆట వచ్చేది.

గోల్‌కీపర్‌గా నా మొదటి పోటీలోనే బంతి నా కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది. ఓడిపోయాం. తిరిగి వచ్చేటప్పుడు ట్రాక్టర్ ట్రక్కులో ఒక్కడూ నాతో మాట్లాడలేదు. సాయంత్రం బస్సుకు మా ఊరు వెళ్ళిపోదామని అప్పుడే అనుకున్నాను. తోటలో మోటారు షెడ్డు ముందు ఆయన భార్య అనసూయమ్మ గారు మా అందరికీ వండి ఉంచారు. అన్నం, పప్పు, కోడి కూర. సత్యం గారు ఒక్క విస్తరే వేసి నన్ను పిలిచారు.

"జోగా, రారా. ముందు నువ్వు కూర్చో."

మా కెప్టెన్ శీనుకు ఒళ్ళు మండింది. "ఆడు గోల్ ఇడిచిపెట్టిండు, ఆడికే ముందు పెడతరా? గిదేం పద్ధతి మేనేజర్ గారూ?"

"ఇయ్యాళ ముద్ద దిగనిది ఆడికేరా. మనకైతే ఎట్టైనా దిగుద్ది. ఆడు తిన్నాకే మనం."

ఊళ్ళో ఏ విందులోనైనా తొలి విస్తరి పెద్దవాళ్ళకు వేస్తారు. మాలాంటి వాళ్ళం ఎప్పుడూ చివర్లోనే. అందరూ ఆకలితో నిలబడి నా నోటి వంకే చూస్తుంటే, ఆ ముద్ద ఎలా మింగానో నాకే తెలియదు. మింగగానే "హమ్మయ్య" అని శీనే నవ్వేశాడు. ఆ సాయంత్రం బస్సు నేను ఎక్కలేదు.

అది మా జట్టుకు ఆచారమైపోయింది. గెలిచినా ఓడినా, ఆ రోజు పెద్ద తప్పు ఎవడు చేశాడో వాడిదే తొలి విస్తరి. కొన్నాళ్ళకు దాని కోసం పోటీలు మొదలయ్యాయి. "ఆ గోల్ నా వల్లే పడ్డది" అని శీను ముందుకొచ్చేవాడు. "అవ్, నీ వల్లే! కోడి కాలు కనపడంగనే నీకు తప్పులు యాదికొస్తయ్" అని మిగతావాళ్ళు వాణ్ణి ఉతికేసేవాళ్ళు. నవ్వులాటే గానీ, మైదానంలో దాని ఫలితం తెలిసిపోయింది. ఒకడి మీద ఒకడు నెట్టుకోవడం పోయింది. పోతే పోయింది, షెడ్డు దగ్గర అన్నం ఉంది కదా అన్న ధైర్యంతో నేను గోల్ వదిలి ముందుకు దూకి బంతి పట్టేవాణ్ణి. అలా ఆడుతూ ఆడుతూ ఫైనల్‌కు వచ్చాం.

ఫైనల్ చూడటానికి ఆయన చుట్టాలు కార్లలో వచ్చారు. వాళ్ళకు కుర్చీలు వేయించి, "మావాళ్ళ ఆట చూడండి" అని మురిసిపోయారు. వాన పడి నేల జారుడుగా ఉంది. నేను జారాను, గోల్ పడింది. విరామంలో ఆయన ముఖం ఎర్రబడింది. చుట్టాల ముందే అరిచారు.

"గెలలు కోసుకునేవాడికి గోల్ పోస్టు అప్పజెప్పాను చూడు, నాకు బుద్ధి లేదు!"

మా ఇంటి భాష కోయ. కానీ ఇలాంటి మాట ఏ భాషలో అన్నా గుండెల్లోకే దిగుతుంది. పైగా ఆ జట్టులో గెలలు కోయనివాడెవడు? అందరికీ తగిలింది. రెండో సగంలో మేము పరుగెత్తాం, అంతే, ఆడలేదు. ఎన్ని గోల్స్ పడ్డాయో తలుచుకోవడం కూడా నాకు ఇష్టం లేదు.

షెడ్డు దగ్గర అనసూయమ్మ గారు ఎప్పటిలాగే ఒక విస్తరి వేశారు. నేను వెళ్ళలేదు. ట్రాక్టర్ పక్కన నిలబడి సంచి సర్దుకుంటున్నాను. ఈసారి వెళితే మళ్ళీ రాకూడదనే నిశ్చయం. అప్పుడు సత్యం గారు భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టి, షెడ్డు దాకా వచ్చిన చుట్టాలంతా చూస్తుండగా వెళ్ళి ఆ తొలి విస్తరి ముందు కూర్చున్నారు.

"ఇయ్యాళ తప్పు నాది. వడ్డించండ్రా."

ఆయన నా వైపు తిరిగి, "జోగా, నువ్వే వడ్డించు నాయనా" అన్నారు. వడ్డించాను. కలిపిన ముద్ద ఆయన చేతిలోనే ఉండిపోయింది, నోటిదాకా రాలేదు. నా కోపం ఎటుపోయిందో, నాకు ఏడుపొచ్చింది.

"తినండి సార్. మీరు తింటేనే మాకు" అన్నాను.

తిన్నారు. కళ్ళు తుడుచుకుంటూ తిన్నారు. ఆ తర్వాత మేమంతా కూర్చున్నాం. కప్పు మాకు ఎప్పటికీ రాలేదు గానీ, జట్టు వదిలి ఒక్కడూ పోలేదు. నన్ను మళ్ళీ చదువుకు పంపించిందీ ఆయనే. ఇప్పుడాయన లేరు. పిల్లల మీద నోరు జారినప్పుడు నేనూ ఒకటి రెండుసార్లు ఆ విస్తరి ముందు కూర్చున్నాను. అక్కడ మెతుకు ఎంత బరువో కూర్చున్నవాడికే తెలుస్తుంది.

"పోలమ్మా, రా. తొలి విస్తరి నీదే" అని పిలిచాను.

"నాకెందుకు సార్? నా వల్లనే ఓడిపోయినం."

"అందుకే."

"జల్దీ రావే, నువ్ తింటేనే మాకు పెడ్తరు. ఆకలైతుంది!" అని పిల్లలంతా అరిచారు.

వచ్చి కూర్చుంది. ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. నేను గరిటె పట్టుకుని ఆమె గొంతు వైపే చూస్తూ నిలబడ్డాను. మింగింది. తలెత్తకుండానే, "సార్, ఇంకొంచెం పప్పు" అంది.