దూదత్త ఐసుపెట్టె

దారికడ్డంగా లారీ పడిపోయి మా బస్సు ఆగిపోయింది. నాకు తొందరేముంది, చెప్పులు విప్పి కాళ్లు చాపాను. పక్కసీటావిడ మాత్రం ఒళ్లో ఐసుపెట్టె పెట్టుకుని ముళ్ల మీద కూర్చున్నట్టుంది. మూత తియ్యబోతుంది, అంతలోనే చల్లదనం పోతుందని తన చేతిని తానే లాక్కుంటుంది.

"లోపలేముందమ్మా?" అన్నాను.

"పిల్లల చీమిడి, బాబాయ్."

ముందు సీటాయన ముక్కు మూసుకుని కిటికీవైపు జరిగాడు.

ఆమె పిల్లల ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ముక్కులో దూదిలాంటి చిన్న స్పాంజి ముక్క పెట్టి, కదలకుండా కథ చెప్పి కూర్చోబెడుతుంది కాబట్టి పిల్లలు దూదత్త అంటారు. నెలల తరబడి ముక్కు దిబ్బడ, నుదుటి నొప్పి, నోటితోనే ఊపిరి. ఇలా సైనస్ ముదిరిన పిల్లల్లో ఎవరికి మందులు చాలతాయో, ఎవరికి ఆపరేషన్ తప్పదో ముందే పట్టిచ్చే పదార్థం ఆ స్పాంజి పీల్చిన ముక్కునీటిలో ఉందేమోనని అక్కడి డాక్టర్లు వెతుకుతున్నారు. బయోమార్కర్ అంటారట. ఆ పరీక్ష చేసేది పట్నం ల్యాబులోనట, చల్లదనం పోకుండా అక్కడికి చేర్చాలి. నేను చాలా ఊళ్లు తిరిగాను, కన్నీళ్ల మీద కావ్యాలు చదివాను. పాపం ముక్కునీటి గోడు ఎక్కడా ఎవరూ పట్టించుకోలేదు.

ఆమె కూడా చిన్నప్పుడు ఆ బాధ పడిందట. నోరు తెరుచుకుని పడుకుంటే "ఈగలు దూరతాయే" అని అన్నలు ఏడిపించేవాళ్లు. బళ్లో మొద్దని వెనక బెంచీ.

"చెవులు కూడా దిబ్బడేసి మాస్టారి మాట సగం వినపడేది కాదు. ఎవరికి చెప్పను?"

"ఇది పాడైతే మళ్లీ తీసుకోవచ్చుగా?"

"ఇందులో ఒక పిల్ల ఉంది, నిన్నంతా బతిమాలితే ఇవాళ కూర్చుంది, మొండిఘటం. రేపు పొద్దున్నే దానికి ఆపరేషన్. అయ్యాక తీస్తే, ముందెలా ఉండేదో ఏం తెలుస్తుంది?"

పెట్టెలో ఐసు కరిగిన నీళ్లు గలగలమన్నాయి. ఆమె లేచి దిగింది. మా వెనకే చేపల వ్యాను ఆగి ఉంది. నేనూ చెప్పులు తొడుక్కుని వెంటపడ్డాను.

"కాస్త ఐసు పెట్టు తమ్ముడూ," అని లోపలున్నదేమిటో చెప్పింది.

"నా చేపలకి జలుబు పట్టదు కదక్కా?"

"పడితే తీసుకురా, స్పాంజి పెడతాను."

అతను నవ్వుతూ పెట్టె నింపాడు. "వాసనొస్తుంది మరి."

"రానీ. చీమిడి పోసిన గొట్టం మూత గట్టిదే."

పూర్వం ఎడారిలో ఐసు కోసం నేను పడ్డ పాట్లు చెప్పడం మొదలుపెట్టాను. కథలో ఒంటె దాకా వచ్చి చూద్దును కదా, ఆమె పెట్టె చంకనెత్తుకుని, పడిపోయిన లారీ పక్కగా, అవతల పట్నంవైపు తిరుగుతున్న బస్సులకేసి నడుస్తోంది. వెళ్లొస్తానని నాతోనూ అనలేదు, వ్యాను అతనితోనూ అనలేదు.