మాకు వేరే నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నీళ్ళు మూడు కుండలు దిగి, ఒకసారి పొయ్యెక్కి గానీ మా నోటికి వచ్చేవి కావు. అప్పుడు మేము మద్రాసులో, పురసవాక్కంలో ఉండేవాళ్ళం. మా తాతయ్య గుమాస్తా ఉద్యోగం నుంచి విరమించాక పెట్టుకున్న వ్యాపకం మంచినీళ్ళు. వంటింటి పక్క వసారాలో ఒక కొయ్య చట్రం చేయించి, అందులో ఒకదాని కింద ఒకటిగా మూడు మట్టికుండలు నిలబెట్టాడు. పై కుండలో బొగ్గులు, నడిమి కుండలో కడిగిన ఇసుక, గులకరాళ్ళు. ఆ రెండింటికీ అడుగున చిన్న చిల్లి, చిల్లిలో గుడ్డపేలిక. కుళాయి నీళ్ళు పైన పోస్తే చుక్కచుక్కగా దిగి అడుగు కుండలో చేరేవి. వాటిని అమ్మ కాచి, చల్లార్చి, రాగిబిందెలో పోసేది.

అలా దిగే నీళ్ళు మా ఇంటిల్లిపాదికీ బొటాబొటిగా సరిపోయేవి. అందుకని తాతయ్య ఒక కట్టుబాటు పెట్టాడు. బిందెలో నీళ్ళు ఇంట్లోవాళ్ళకు. వాకిట్లోకి వచ్చి దాహమడిగే చాకలికి, పాలమనిషికి, కూరలమ్మేవాళ్ళకు పెరటి తొట్టిలో పట్టిపెట్టిన కుళాయి నీళ్ళు. ఇందులో తప్పున్నదని మాకెవరికీ తోచలేదు. చెంబుతో ముంచి ఇచ్చే పని నాది.

పెరంబూరు అవతలి తోటల నుంచి ఒకావిడ రోజూ గంప నెత్తిన పెట్టుకుని ఆకుకూరలు తెచ్చేది. వాళ్ళూ మాలాగే తరాల కిందట ఈ పక్కకు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. బడి లేని రోజుల్లో ఆమె వెంట నా ఈడు కూతురు కూడా వచ్చేది. తల్లి గంప దించి మా అమ్మతో బేరాల్లో పడితే, మేమిద్దరం వీధి తిన్నె మీద గవ్వలాడుకునేవాళ్ళం.

ఆ ఏడు వానలు విడవకుండా కురిసి, కుళాయిలో నీళ్ళు టీ డికాషన్ కలిపినట్టు రావడం మొదలుపెట్టాయి. తాతయ్య తెల్లారి లేస్తే ఇసుక కడగడంలోనే ఉండేవాడు. అలాంటి రోజుల్లో ఒకసారి ఆ పిల్ల నా వెనకే వసారాలోకి వచ్చింది. కుండల ముందు గొంతుక్కూర్చుని, తేటగా దిగుతున్న నీళ్ళను చాలాసేపు చూసి, "ఈ నీళ్ళు ఇయ్యవా?" అని అడిగింది.

"అవి మాకు. మీకు ఆడుండాయి," అని పెరటి తొట్టి చూపించాను.

కోపంతో అన్నది కాదు. ఇంట్లో విన్న మాటనే మామూలుగా అన్నాను. ఆ పిల్ల కూడా అంతే మామూలుగా లేచింది. నేను ముంచి ఇచ్చిన చెంబెడు తాగి, మళ్ళీ గవ్వలు చేతిలోకి తీసుకుంది.

తర్వాత కొన్నాళ్ళు వాళ్ళు రాలేదు. ఒక పొద్దున తల్లి ఒక్కతే వచ్చింది. గంపలో సగం కూడా సరుకు లేదు.

"పాపకు జొరమమ్మా," అన్నది మా అమ్మతో. "టైఫాయిడ్ అంట, ఆస్పత్రిలో పెట్టినారు. ఏ నీళ్ళు తాగిందని డాక్టరమ్మ అడగతా ఉంది. మా తోటబావి వానకు చెడిపోయిందో ఏమో, నేనేమని చెప్పేది?"

పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న తాతయ్య అంతా విన్నాడు. ఆమె వెళ్ళాక నన్ను దగ్గరికి పిలిచి, ఆ పాపకు ఏ నీళ్ళు ఇస్తూ వచ్చావని అడిగాడు. తొట్టివేనని చెప్పాను. కుండల దగ్గర ఆ పిల్ల అడిగిందీ, నేను ఏమన్నదీ కూడా చెప్పి, "నువ్వు చెప్పినట్టే చేసినా తాతా," అన్నాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, పెరట్లోకి వెళ్ళి తొట్టిలోని నీళ్ళు దోసిట్లోకి తీసుకుని చూశాడు. అప్పుడు నాకు సంగతి అర్థమైంది.

ఆ పిల్ల బతికి ఇంటికి వచ్చిందని తెలిసిన రోజు, తాతయ్య పెద్ద కూజా నిండా కాచిన నీళ్ళు పోయించి, నన్ను కూడా బయలుదేరమన్నాడు. అమ్మకు ఇష్టం లేదు.

"మన నీళ్ళ వల్లనే అని ఎవరన్నారు మామా? వాళ్ళ బావే కావచ్చును. పోయి చెప్తే లేనిపోని నింద మనం నెత్తికెత్తుకున్నట్టు కాదా?"

"కావచ్చునమ్మా. కానీ మనం తాగని నీళ్ళని తెలిసే కదా, వాళ్ళకు ఇచ్చినాము," అన్నాడు తాతయ్య.

రిక్షాలో వెళ్ళాం. తోట చివర తాటాకు గుడిసె. గుండు చేసిన తలతో, పుల్లల్లాంటి చేతులతో ఆ పిల్ల గోడకానుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తాతయ్య నిలబడే చెప్పాడు. "మా ఇంట్లో రెండు రకాల నీళ్ళుండాయమ్మా. మంచివి మేం పెట్టుకొని, మేం తాగనివి నీ బిడ్డకిచ్చినాం. ఈ నా మనవరాలు నేను చెప్పిందే చేసింది. తప్పు నాది."

"అదేంది సామీ, ఊరంతా తాగేది అవే కదా. దానికి ఇంత దూరం వస్తారా? కూర్చోండి," అని ఆమె చాప పరిచింది. లోపలికి వెళ్ళి రెండు లోటాలతో నీళ్ళు తెచ్చి మా చేతుల్లో పెట్టింది. "కాచినవే, తాగండి సామీ. పాప కోసం పెట్టినవి."

తాతయ్య చివరి చుక్క దాకా తాగాడు. నేనూ తాగాను. మేము తెచ్చిన కూజాను ఏమని అందివ్వాలో తెలియక, గుమ్మం పక్కన పెట్టి వచ్చేశాం.

మర్నాటి నుంచి మా ఇంట్లో ఎవరికైనా ఒకటే నీళ్ళు. కట్టెలు ఊరికే అయిపోతున్నాయని అమ్మ సణిగేది. తాతయ్య ఇంకో కుండల చట్రం చేయించాడు. ఆ పిల్ల కొత్త జుట్టుతో మళ్ళీ మా ఇంటికి వచ్చింది, గవ్వలూ ఆడింది. కానీ ఎంత పిలిచినా తిన్నె దాటి లోపలికి మాత్రం రాలేదు. "ఈడే ఉంటాలే," అనేది. బతిమాలితే తల అడ్డంగా ఊపేది. పెద్దయ్యాక ఎక్కడికి వెళ్ళిందో తెలియదు.

ఇన్నేళ్ళు వచ్చినా, ఎవరికైనా నీళ్ళు అందించేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం వెనకాడుతుంది. దాహంతో వచ్చిన మనిషి గ్లాసులోకి తొంగి చూడడు. ఇచ్చినవాళ్ళను నమ్మి, తలెత్తి గటగటా తాగేస్తాడు. ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేను అక్కడి నుంచి కదలలేను.