నా నేస్తం చదివించుకున్న కాగితం

నా నేస్తం పోయాడు. మంగళవారం పొద్దున్న పశువుల్ని విప్పబోయి, సాల గుమ్మం దగ్గరే కూలబడ్డాడట. వాళ్ళ ఊరి మనిషి వచ్చి చెప్పేసరికి నేను ఆదివారం చెప్పాల్సిన వాక్యం కోసం బైబిలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ఒక్క ముక్క తలకెక్కలేదు. చావు గురించి ఇన్నేళ్ళుగా ఎంత గొంతు చించుకుని బోధించానో మన సహవాసంలో అందరికీ తెలుసు. ఇప్పుడా గొంతు లేదు. అలసిపోయాను. అయినా ఇది రాయాలి. ఇందులో మీ ముందు ఒప్పుకోవలసింది ఒకటుంది.

అతని పేరు రాయను. మా కొండల్లో నేస్తం కట్టుకోవడమంటే ఊరికే స్నేహం చేయడం కాదు. వయసులో ఉండగా పెద్దల ఎదుట కొత్త తువ్వాళ్ళు మార్చుకున్నాం, ఒకే అడ్డాకు విస్తరిలో తిన్నాం. ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. ఒకరి మాటను ఇంకొకరు నలుగురిలో తక్కువ చేయకూడదు. తర్వాత నేను యేసును నమ్మి రక్షణలోకి వచ్చాను, అతను రాలేదు. తన కొండదేవతల్నే కొలుచుకున్నాడు. వాటి మీద నేను నిప్పులు చెరుగుతుంటే, మన ప్రార్థన మందిరం చూరు కింద చుట్ట కాల్చుకుంటూ వినేవాడు.

"నీ దేవుడు నీసేత శానా గట్టిగా అరిపిత్తన్నాడు నేస్తం. ఆయనికేటి, సెవుడా?" అనేవాడు బయటికొచ్చాక.

నమ్మనివాడికి మందిరం దగ్గరేం పని అంటారా? నన్ను తెచ్చేది అతనే. మిరియాలు కోస్తూ సిల్వరోకు చెట్టు మీంచి పడ్డాక నా నడుం కింద భాగం పనిచేయడం మానేసింది. ప్రభుత్వం వాళ్ళిచ్చిన మూడు చక్రాల బండి మా ఏటవాలు బాట మీద నిలవలేక కోళ్ళకు గూడైంది. ప్రతి ఆదివారం పక్క ఊరి నుంచి వచ్చి, నన్ను వీపు మీద మోసుకుని దింపి, మళ్ళీ మోసుకుని ఎక్కించేవాడు. బైబిల్లో కోనేటి పక్కన ముప్పై ఎనిమిదేళ్ళు పడి ఉన్న రోగికి నీళ్ళలోకి దించే మనిషి లేడు. నాకున్నాడు.

కాళ్ళ సంగతి అందరికీ తెలుసు. కళ్ళ సంగతి ఎవరికీ చెప్పలేదు. దగ్గర అక్షరాలు అలుక్కుపోవడం మొదలై ఏడాది దాటింది. నేను బడి ముఖం చూడనివాణ్ణి, అక్షరం అక్షరం కూడబలుక్కుని సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఆ చదువు కూడా పోయిందంటే ఇంక నాకేం మిగులుతుంది? అందుకే గ్రంథం తెరిచి పెట్టుకుని, కంఠస్థం వచ్చిన భాగాలే చదువుతున్నట్టు నటించాను. మీరు ఆమెన్ అన్నారు.

పోయిన వానాకాలంలో అతను ఆసుపత్రి కాగితం ఒకటి పట్టుకొచ్చాడు. ఆయాసం వస్తోందని వెళితే పరీక్షలు చేసి, కింద తెలుగులో రాసి, చదువొచ్చినవాళ్ళ చేత చదివించుకోమన్నారట.

"సూడు నేస్తం, ఏటి రాసినారో."

కాగితం ముఖం దగ్గర పెట్టుకున్నాను. నల్లచీమల బారులా ఉంది. "నీరసం అని రాసినారు. కడుపునిండా తిను. నేను ప్రార్థన చేస్తాను" అన్నాను. కాగితం మడిచి మొలలో దోపుకున్నాడు. ఇంటికెళ్ళి, నేస్తం చదివాడు, భయం లేదన్నాడు అని చెప్పాడట. ఇంకెవరూ ఆ కాగితం అడగలేదు.

రెండు నెలల తర్వాత, వలిసె చేలు పూసి కొండలన్నీ పసుప్పచ్చగా మెరుస్తున్న రోజుల్లో, సంతనాడు పొద్దున్నే వచ్చాడు.

"బేగి లెగు. సంతకెల్దుం."

"ఏటి కొనాల?"

"నీకు కళ్ళజోడు."

"నాకెందుకు?"

"మొన్న ఆదివారం గంటసేపు సదివినావు, ఒక్క పేజీ తిప్పలేదు. నాకు సదువు రాదు గానీ, పేజీ తిప్పడం కూడా తెలవదేటి?"

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అతని వీపెక్కాను.

సర్వీసు జీపు దిగి సంతలోకి వెళ్ళే దారిలో, పూల చేల దగ్గర టూరిస్టులు ఫొటోలు తీసుకుంటున్నారు. ఒకావిడ ఫోను మా వైపు తిప్పింది. నేను తల దించుకున్నాను.

"తలెత్తు నేస్తం. ఆళ్ళకి పువ్వులే గావాల, నువ్వు కాదు" అన్నాడు. అప్పటికే రొప్పుతున్నాడు. ఎండ అనుకున్నాను.

సిగ్గు మరిచిపోదామని వాక్యం ఎత్తుకున్నాను. ప్రవక్త కంటికి ఆనని దేవదూతను, ఆయన్ని మోస్తున్న గాడిద చూసిన సంగతి చెప్పాను.

"అయితే నేను గాడిదనా?"

"ఆ పూట ప్రవక్త కన్నా గాడిదే నయం."

"అలగయితే సర్లే."

ఎండుచేపల గంపలు దాటాక, టార్పాలిన్ మీద కళ్ళజోళ్ళు పరుచుకుని కూర్చున్నాడు మైదానం నుంచి వచ్చిన వ్యాపారి. "ఏటి తాతా, మీ ఇద్దరికీ కలిపి ఒకటా?" అని నవ్వాడు. పాత క్యాలెండరు కాగితం చేతికిచ్చి, ఒక్కొక్క జోడూ పెట్టి చూపించాడు. నాలుగోది పెట్టగానే కాగితం మీద తిథులూ వారాలూ గింజ గింజగా విడిపడ్డాయి. నా నేస్తం ఆ జోడు లాక్కుని తను పెట్టుకుని, క్యాలెండరు వంక తేరిపార చూశాడు.

"లాభం లేదు. నాకు సదువు రానేదు" అన్నాడు. సంతలో చుట్టుపక్కలవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. చెట్టు మీంచి పడ్డాక నలుగురిలో నేను నవ్వింది అదే మొదలు.

సాయంత్రం జీపు మా బాట మొదట్లో దించేసి పోయింది. నన్ను రాతి మీద కూర్చోబెట్టి, మొలలోంచి ఆ కాగితమే తీశాడు. తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది.

"ఇప్పుడు సదువు."

గుండె బాగా బలహీనంగా ఉందని రాశారు. బరువులు మోయకూడదని రాశారు. అక్కడ ఆగాను.

"ఆపకు నేస్తం."

నెల లోపల పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలని రాశారు. రెండు నెలలు దాటిపోయింది.

"నాకు కళ్ళు ఆనలేదని తెలిసినోడివి, ఇంకెవులికైనా సూపించకపోయావా?" అని అరిచాను. ప్రసంగంలో అరిచే గొంతే వచ్చింది.

అతను మామూలుగానే చెప్పాడు. "ఇంకోలు సదివితే నీ మాట అబద్ధమని తేలిపోద్ది గదా. నువ్వు సదివింది నువ్వే సరిజేసుకోవాల."

ఆ వారమే ఇంటివాళ్ళు అతన్ని విశాఖ తీసుకెళ్ళారు. ముందే రావాల్సిందన్నారు డాక్టర్లు. మందులతో నాలుగు నెలలు నడిచాడు. ముందే వెళ్ళి ఉంటే బతికేవాడా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది, ఇప్పటికీ లేదు. మంగళవారం వాళ్ళ ఊరివాళ్ళే డోలీ కట్టుకొచ్చి నన్ను మోసుకెళ్ళారు. నేస్తం కప్పాల్సిన కొత్త గుడ్డ నా చేత్తోనే కప్పాను. అతని భార్యకు జరిగిందంతా నా నోటితో చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. నన్ను క్షమించమని తొందరపెట్టను.

ఆ సంత సాయంత్రమే కళ్ళ ముందు నిలుస్తోంది. నేను చదవడం అయిపోయింది. కాగితం మళ్ళీ సంచిలో చుట్టి దోపుకున్నాడు. పైన మా ఇంట్లో అప్పుడే పొయ్యి రాజేశారు, పొగ లేస్తోంది. చీకటి పడకుండా చేరాలన్నాడు. నాకు వీపు తిప్పి, బాట మీద గొంతుకూర్చుని, చేతులు రెండూ వెనక్కి చాపాడు.

"ఎక్కు నేస్తం."

నేను ఎక్కలేదు. అతను లేవలేదు.