చంద్రకాంత పూలకు మొదటి ముడి

సాయంత్రం తెల్లాపూర్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో చంద్రకాంతలు విచ్చుకున్నాయి. ఆఫీసు కాల్‌లో ఉండగానే వాసన లోపలికొచ్చింది. మైక్ మ్యూట్‌లో పెట్టి బయటికి వచ్చేశాను.

మీకు గుర్తుందా, ఆ పూలకు దారం అక్కర్లేదు. పొడవాటి కాడలనే జడలా అల్లుకుంటూ పోవడమే. వానలు తగ్గుతున్న రోజుల్లో కొండాపూర్‌లో మా పెరటి గోడ వెంట అవి విరగబూసేవి. అమ్మ నర్సు. సరిగ్గా పూలు విచ్చుకునే వేళకే నైట్ డ్యూటీకి బయలుదేరేది. చెప్పులు వేసుకోబోతూ గడప మీద కూర్చుని, మూడు పూల కాడలు కలిపి ముడివేసి నా చేతిలో పెట్టేది.

"మొదలు నేను పెట్టిన. కడమది నువ్వల్లుకో బిడ్డా, నా బస్సు పోతది."

మిగతా దండ నేనే అల్లేదాన్ని. పొద్దున ఆమె వచ్చేసరికి నా జడలో పూలన్నీ ముడుచుకుపోయి ఉండేవి. నా తలలో అవి విచ్చుకుని ఉండగా అమ్మ చూసిందే లేదు.

పోయినేడు ఇవే రోజుల్లో అమ్మ జబ్బుతో దవాఖానలో ఉంటే, డబ్బాలో పూలు తీసుకెళ్లాను. కాడలు కలిపి పట్టుకుంది. ముడి పడలేదు.

"ఇయ్యాల చాతనైతలేదు. రేపు పెడ్త తియ్."

తెల్లారేసరికి అమ్మ లేదు.

ఇవాళ చాలాసేపు కూర్చున్నాను. అల్లిక నా చేతులకు గుర్తుంది. మొదటి ముడే నిలవడం లేదు, వేసినప్పుడల్లా జారిపోతోంది. మీలో ఎవరికైనా వస్తే చెప్పండి.

చివరికి దారంతో కట్టి అమ్మ ఫొటోకు వేశాను. ఎవరింటి పూలో తెచ్చి వేసినట్టుంది.