మా ఊరివాళ్ళు చదవని పుస్తకం

పోయిన ఆదివారం కర్నూలులో ఒక సంస్మరణ సభకు వెళ్ళి, ముందు వరుసలో కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధికాక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. వేదిక మీది పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు లేచి, మా అక్కకు ఇంటర్లో తెలుగు చెప్పిన సారు ఫొటోకు శాలువాలు కప్పారు. శాలువాలు ఎక్కువై ఆయన ముఖం సగం కనబడకుండా పోయింది. ఆయన బతికున్నప్పుడు పుస్తకం ఆవిష్కరణకు హాలు కూడా ఇవ్వని ఊరు మాది.

సారు రిటైరయ్యాక తన జీవితాన్నే పుస్తకంగా రాసి సొంతంగా అచ్చు వేయించుకున్నారు. మగవాడై పుట్టి మగవాణ్ణే ప్రేమించానని, ఆ ప్రేమతోనే ముసలివాణ్ణయ్యానని తన పేరుతో, ఊరి పేరుతో దాపరికం లేకుండా రాశారు. ఇప్పటి పిల్లలు గే అనే మాటను ఎంతో తేలిగ్గా అనేస్తున్నారు గానీ, రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి రోజుల్లో మా సీమలో మాలాంటివాళ్ళకు ఉన్న పేర్లన్నీ తిట్లే. నేనూ ఆ కోవలోవాణ్ణేనని నాకు మీసాలు రాకముందే తెలుసు. తెలిసినా, ముప్పై దగ్గరపడేదాకా మా నాయన బట్టల అంగట్లో గుడ్డ కొలుస్తూ, వచ్చిన ప్రతి సంబంధానికీ జాతకం కుదరలేదని వంక పెడుతూ కాలం నెట్టుకొచ్చాను.

ఆ పుస్తకం కర్నూలు మొత్తానికి ఒక్క అంగట్లోనే దొరికేది. అక్కడికి పోయి అడగడమంటే ఊరంతా దండోరా వేయించుకోవడమే, ఎందుకంటే వ్యాపారస్తుల ఇంటి బిడ్డ ఏ అంగట్లో అడుగుపెట్టినా సాయంత్రంలోగా వాళ్ళ నాయనకు కబురు అందవలసిందే. అందుకని ప్రొద్దుటూరికి సరుకు కోసం పోయినప్పుడు, అక్కను చూసొస్తానని కడప దాకా పోయి అక్కడ కొన్నాను. అంగడాయన మాటవరసకు ఏ ఊరని అడిగితే కర్నూలు అనడానికి నోరు రాక ఆదోని అన్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, నా చేతిలోని సంచీ మీద మా కర్నూలు అంగడి పేరు బెత్తెడు అక్షరాలతో అచ్చయి ఉంది. ఆయన దాన్నీ చూశాడు, నన్నూ చూశాడు, పుస్తకానికి కాగితం చుట్టి ఇచ్చాడు.

కడప బస్టాండులో కూర్చుని సగం అక్కడే చదివేశాను. సారు తన సంగతి వాళ్ళమ్మకు చెప్పినప్పుడు ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉందట. ఇలాంటి మాట చెప్పదలిస్తే వినేవాళ్ళ చేతులకు పని ఉన్నప్పుడు చెప్పాలని, అప్పుడు కళ్ళు కిందికి ఉంటాయి కనుక ఇద్దరికీ మేలని రాశారు. అంత పనికొచ్చే సలహా నాకు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

అక్క అప్పటికే ఒంటిమిట్ట గుడిలో నాకు పెళ్ళిచూపులు ఏర్పాటు చేసి ఉంది. వాళ్ళూ గుడికి వచ్చినట్టే, మేమూ గుడికి వచ్చినట్టే, అనుకోకుండా ఎదురుపడినట్టే ఉండాలి. కుదరకపోతే ఆడపిల్లకు మాట రాకుండా మా వాళ్ళు పాటించే పద్ధతి అది. మరునాడు పొద్దున అక్క చేటలో కందిపప్పు పోసుకుని కూర్చునేదాకా కాచుకుని, ఎదురుగా గోడ వైపు చూస్తూ చెప్పేశాను. చెరుగుతున్న చేట ఆగిపోయింది.

"ఇంగెవురికన్నా చెప్పినావా?" అంది తల ఎత్తకుండానే. లేదన్నాను. "ముందే చెప్పి మంచి పని చేస్తివి. ఆ పిల్ల ఉసురు మనకొద్దు. నాయనకు నేను చెప్తాలే, నువ్వు నోరు తెరవాకు."

అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఏడ్చేశాను, అక్క కూడా ఏడ్చింది. పుస్తకం చేతికిస్తే, "మా సారు రాసిందా! శానా గట్టోడురా ఆయప్ప" అని అట్టను కొంగుతో తుడిచింది. చూపులు ఆగిపోయాయి. సంగతి తెలిశాక నాయన కొన్ని నెలలపాటు నాతో బేరం మాటలు తప్ప మాట్లాడలేదు. ఒకనాడు మాత్రం అన్నాల దగ్గర, నాకు వినబడేట్టుగా, వానికి నెయ్యి వెయ్యమని అమ్మతో అన్నారు. మా ఇంట్లో అంతకన్నా పెద్ద మాట ఆశించడం అత్యాశే, నా బతుకు ఒడ్డున పడినట్టనిపించింది.

అలాంటి రోజుల్లోనే సారు చొక్కా గుడ్డ కోసం మా అంగడికి వచ్చారు. నాయన గల్లాపెట్టె దగ్గర గద్దె మీద ఉన్నారు. గుడ్డ కొలుస్తూ, "సార్, మీ పుస్తకం..." అన్నాను. ఆయన చటుక్కున నాయన వైపు చూసి నవ్వుతూ, "వ్యాకరణం పుస్తకమే గదప్పా, ఇంటికాడ ఉండాది. మీ యక్క వస్తే ఇస్తాలే" అని మాట మార్చేశారు. నాకు ఏం చేయాలో తోచక, అడిగినదానికన్నా జానెడు ఎక్కువగా గుడ్డ కోసి కట్టి ఇచ్చాను. ఆయన మళ్ళీ నా ముఖం చూడకుండా కల్లూరు షేర్ ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. మా నాయనకు అన్నీ తెలుసని పాపం ఆయనకు తెలియదు.

పెళ్ళిళ్ళ బేరం, అంగడి నిండా జనం, ఊళ్ళో మనిషే కదా మళ్ళీ రాకపోతారా అనుకున్నాను. ఆ ఎండాకాలంలోనే జబ్బుచేసి ఆత్మకూరులో చెల్లెలి ఇంటికి వెళ్ళారని, అక్కడే పోయారని అంతా అయిపోయాక తెలిసింది.

ఆయన పోయిన ఇన్నేళ్ళకు జరిగిన ఈ సభ చివర్లో మైకు జనం చేతికి ఇచ్చారు. తల నెరిసినవాళ్ళు ఒక్కొక్కరే లేచి, మాదీ కర్నూలేనని, ఆ పుస్తకమే తమచేత ఇంట్లో నోరు విప్పించిందని, కాకపోతే కడపలోనో అనంతపురంలోనో కొన్నామని చెబుతుంటే హాలంతా నవ్వింది. మా ఊరి పుస్తకాల అంగడాయన కూడా వచ్చాడు, ఇప్పుడు కర్ర లేకుండా నడవలేడు. టీ తాగుతూ నాతో అన్నాడు. "నెలనెలా వచ్చి అడుగుతాండె సారు, మనూరోళ్ళు ఎవురన్నా కొన్న్యారా అని. నా కాడ కొనేటోళ్ళు అందరూ కడపోళ్ళే సార్ అంటాంటి. మనూరోడు ఒక్కడు చదివినానని నా ముందర అంటే చాలప్పా అని పోతాండె."

ముందు వరుసలో ఇద్దరు కుర్రవాళ్ళు ఒకరి చేయి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళు ఈ పుస్తకాన్ని ఫోనులోనే చదివారట, ఎవరికీ ఊరి పేరు అబద్ధం చెప్పే అవసరం రాలేదట. వాళ్ళను చూసి నిజంగా సంతోషపడ్డాను, కొంచెం అసూయ కూడా పడ్డాను. ఇంటికి వచ్చి అక్కకు ఫోనులో చెబితే, నా సగం మాటతోనే సారుకు అంతా అర్థమై ఉంటుందని ఓదార్చింది. అయ్యే ఉంటుంది. కానీ ఆ ఒక్క మాట కోసం నెలనెలా అంగడి మెట్లెక్కిన మనిషి, అది తన ఎదుటికి వచ్చిన రోజున, నాకు ఎక్కడ చెడ్డపేరు వస్తుందోనని తానే నా నోరు మూయించి వెళ్ళిపోయారు.